వైజాగ్‌లో సూర్యాస్తమయం కయాకింగ్: సూర్యుడు మీ వీపు వెనక ఉంటాడు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. జనవరి చివరి వారంలో హైదరాబాద్ నుంచి మీరు, మీ ఆవిడ, పదమూడేళ్ల మీ అబ్బాయి వైజాగ్ వస్తున్నారు. గైడ్‌తో సాయంత్రం పూట సముద్రంలో కయాకింగ్ చేయాలని ఉంది. మీకూ అబ్బాయికీ ఈత వచ్చు, మీ ఆవిడకు రాదు. గోవాలో స్నేహితుడు తీసుకున్న ఫొటో ఒకటి చూశారు. ఎర్రటి సూర్యుడు నీళ్లలోకి దిగుతుంటాడు, ముందు నల్లగా కయాక్. అలాంటిది ఇక్కడ వస్తుందా, అసలు మాలాంటి కొత్తవాళ్లకు ఇది క్షేమమేనా అన్నారు.

ఫొటో అయితే రాదండి. వైజాగ్ తూర్పు తీరం. సూర్యుడు పొద్దున సముద్రంలోంచి లేస్తాడు, సాయంత్రం ఊరి వెనక కొండల్లోకి దిగుతాడు. మీరు ఒడ్డు వదిలి లోపలికి తెడ్డు వేసుకుంటూ పోతుంటే ఆయన మీ వీపు వెనక ఉంటాడు. ఇక్కడి ప్రకటనల్లో కొన్నింటికి నీళ్లలో మునిగే సూర్యుడి బొమ్మ పెడుతుంటారు. అది పడమటి తీరంలో తీసిందో, ఇక్కడే తెల్లవారుజామున తీసిందో అయి ఉంటుంది. బొమ్మ దగ్గరే ఇలా సర్దుకున్నవాడు లైఫ్ జాకెట్ల దగ్గర ఏం సర్దుకున్నాడో అని నాకు మాత్రం అనుమానం.

నేను తొమ్మిదేళ్లుగా రుషికొండ బీచ్ దగ్గర కయాక్ వేస్తున్నాను. మొదట్లో అందరిలాగే డబ్బు కట్టి వెళ్లేవాణ్ణి. తర్వాత సొంతంగా ఒకటి కొన్నాను. మూడు సీజన్లు గైడ్లకు తోడుగా బృందం వెనకాల వెళ్లాను. ఆ అనుభవంతో చెప్తున్నాను, సూర్యుడు నీళ్లలో మునగకపోయినా సాయంత్రం వెళ్లడం దండగ కాదు. ఎటు చూడాలో తెలియాలి, అంతే.

మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి వాలుగా ఉంటుంది. చలికాలంలో సూర్యుడు సరిగ్గా పడమరలో కాకుండా కాస్త నైరుతికి జరిగి దిగుతాడు. అందుకే జనవరిలో రుషికొండ ముందు నీళ్లలో కూర్చుని ఊరి వైపు తిరిగితే, కైలాసగిరికి కుడి పక్కన, కొండల మీద సూర్యుడు కనిపిస్తాడు. జులైలో అయితే బాగా వాయవ్యానికి పోతాడు, మీ ఎదురుగా ఉన్న కొండ వెనకే ముందుగా మాయమైపోతాడు. కాబట్టి మీరు ఎంచుకున్న నెల మంచిదే. కయాక్‌ను వెనక్కి తిప్పి, తెడ్డు ఒళ్లో పెట్టుకుని, ఐదు నిమిషాలు కదలకుండా ఉండండి. కొండలు ఒకదాని వెనక ఒకటి, దగ్గరిది నల్లగా, దూరందాని రంగు పలచబడుతూ, పొరలు పొరలుగా కనిపిస్తాయి. ఆకాశం తేటగా ఉంటే దక్షిణాన డాల్ఫిన్ నోస్ కొండ దాకా ఆనవాలు పట్టొచ్చు.

సూర్యుడు దిగాక ఎక్కువ మంది ఒక పొరపాటు చేస్తారు. అయిపోయిందనుకుని ఒడ్డుకు తిరుగుతారు. అప్పుడు మళ్లీ తూర్పుకు తిరగండి. సముద్రం అంచున నీలం బూడిద కలిసిన పట్టీ ఒకటి మెల్లగా పైకి లేస్తూ ఉంటుంది. దాని మీద లేత గులాబీ రంగు పట్టీ. చాలామంది మబ్బు అనుకుంటారు. ఆ నీలం పట్టీ భూమి నీడ. మన వెనక సూర్యుడు దిగిపోయినకొద్దీ భూమి నీడ ఎదుటి ఆకాశం మీద పడి పైకి పాకుతుంది. గోవాలో ఒడ్డున నిలబడి సముద్రం వైపు చూస్తే ఇది కనిపించదు, ఎందుకంటే అక్కడ అది ఊళ్లూ చెట్లూ ఉన్న వైపు వస్తుంది. మనకు అడ్డం ఏమీ లేని నీళ్ల మీద వస్తుంది. పది పదిహేను నిమిషాల్లో మొత్తం చీకట్లో కలిసిపోతుంది.

ఇంకా కుదిరితే పంచాంగం చూసి తేదీ పెట్టుకోండి. పౌర్ణమి నాడు సూర్యుడు దిగే వేళకే చంద్రుడు సముద్రంలోంచి లేస్తాడు. ముందు రోజు వెళ్తే సూర్యుడు దిగేసరికే చంద్రుడు కొంచెం పైకి వచ్చి ఉంటాడు. తర్వాతి రోజు వెళ్తే చంద్రుడు దాదాపు ముప్పావు గంట ఆలస్యంగా లేస్తాడు, అప్పటిదాకా మీరు నీళ్లలో ఉండకూడదు. పౌర్ణమి చంద్రుడు అలా లేవడం మొదటిసారి చూసినప్పుడు దూరంగా ఏదో ఓడకు మంట అంటుకుందనుకున్నాను. అంత ఎర్రగా, అడుగు భాగం చదునుగా నొక్కేసినట్టు లేచింది. పక్క కయాక్‌లో ఉన్న పెద్దాయన తెడ్డు వదిలేసి దండం పెట్టుకున్నారు. ఆ తెడ్డు పట్టుకోడానికి నేను ఇరవై గజాలు పోవాల్సి వచ్చింది, అది వేరే సంగతి. పౌర్ణమి రోజుల్లో ఆటుపోట్లు కూడా ఎక్కువగా ఉంటాయి, కాబట్టి బయల్దేరేటప్పుడు ఉన్న ఒడ్డు తిరిగొచ్చేసరికి అలాగే ఉండదు. చెప్పులూ బ్యాగులూ నీళ్లకు దూరంగా పెట్టుకోండి.

ఇక క్షేమం సంగతి. కెరటాలు చూసి అందరూ భయపడతారు. నన్నడిగితే సాయంత్రం పూట భయపడాల్సింది గాలికి, చీకటికి.

పగలు నేల వేడెక్కుతుంది, మధ్యాహ్నం నుంచి సముద్రం మీద నుంచి గాలి వీస్తుంది, నీళ్ల మీద చిన్న చిన్న కెరటాలు లేస్తాయి. పొద్దు వాలేకొద్దీ ఈ గాలి తగ్గుతుంది. నీళ్లు నూనె పోసినట్టు నున్నగా అవుతాయి. కొత్తవాళ్లకు ధైర్యం వచ్చేది ఇక్కడే, ఇంకాస్త లోపలికి పోదామనిపించేదీ ఇక్కడే. చలికాలంలో పొద్దుపోయాక నేల త్వరగా చల్లబడి గాలి తిరగబడుతుంది, ఒడ్డు నుంచి సముద్రం వైపు వీస్తుంది. ఒడ్డు దగ్గర కొండల చాటున దాని జోరు తెలియదు. లోపల ఉన్న వాళ్లకు తెలుస్తుంది, అదీ వెనక్కి తిరిగినప్పుడు. వెళ్లేటప్పుడు వీపు మీద మెల్లగా తోసిన గాలి వచ్చేటప్పుడు మొహం మీద కొడుతుంది.

నాకు ఇది పుస్తకంలో తెలిసింది కాదు. ఓ ఫిబ్రవరి సాయంత్రం డబ్బు కట్టి ఒక బృందంతో వెళ్లాను. ఎవరు నడిపారన్నది ఇక్కడ అనవసరం. ఆరు కయాక్‌లు, ఒక్క గైడు, ఇరవై ఏళ్లు కూడా ఉండవేమో. వెనక ఇంజిన్ పడవ లేదు. నీళ్లు అద్దంలా ఉన్నాయని అందరం సరదాపడి లోపలికి పోయాం, అతనూ వద్దనలేదు. సూర్యుడు దిగాక తిరిగాం. పది నిమిషాల్లో రావాల్సిన దూరం ముప్పావు గంట పట్టింది. ఇద్దరు అలిసిపోయి తెడ్డు వేయడం మానేశారు, వాళ్లు వెనక్కి కొట్టుకుపోతుంటే గైడు వాళ్ల దగ్గరికి వెళ్లాడు, మిగతా వాళ్లం చెదిరిపోయాం. చీకటి పడిపోయింది. అదే సమయానికి రాత్రి వలలు వేయడానికి జాలర్ల ఫైబర్ తెప్పలు బయల్దేరతాయి. ఒకటి నేరుగా మా మీదికే వచ్చింది. ఇంజిన్ చప్పుడు పెరుగుతోంది, నా దగ్గర లైటు లేదు. ఫోన్ ప్లాస్టిక్ సంచీలో ఉంది, తడి వేళ్లకు తెర తెరుచుకోవడం లేదు. ముగ్గురం గొంతు చించుకుని అరిస్తే పదడుగుల దూరంలో పక్కకు తిప్పాడు. తెప్ప మీద ముసలాయన టార్చి మా మొహాల మీద వేసి, "ఏటి బాబూ, దీపమైనా లేకుండా సంద్రంలో కూకున్నారు!" అన్నాడు. తిట్లు ఆ తర్వాత మొదలయ్యాయి, అన్నీ న్యాయమైనవే. తిడుతూనే తాడు విసిరి అలిసిపోయిన ఇద్దరినీ ఒడ్డు దగ్గర దాకా లాక్కొచ్చాడు.

ఆ రోజు నుంచి నా లైఫ్ జాకెట్ జేబులో తడిసినా పనిచేసే టార్చి ఒకటి, మెడలో విజిల్ ఒకటి ఉంటున్నాయి. చీకట్లో తెడ్డు వేసుకునే పడవ దగ్గర తెల్లటి వెలుతురిచ్చే దీపం సిద్ధంగా ఉండాలని అంతర్జాతీయ సముద్ర నియమాల్లోనే ఉంది. మీ గైడు ఇస్తే సరే, లేకపోతే మీరే ఒకటి కొనుక్కురండి.

టైము ఇలా లెక్కేసుకోండి. జనవరి చివర్లో వైజాగ్‌లో సూర్యాస్తమయం 5:45, 5:50 మధ్య. ఆ తర్వాత పనికొచ్చే వెలుతురు ఇరవై నిమిషాలే ఉంటుంది. మన అక్షాంశంలో చీకటి తొందరగా కమ్మేస్తుంది. అంటే 6:10కి మీ కాళ్లు ఇసుక మీద ఉండాలి. గంట ట్రిప్ అయితే 5 గంటలకు నీళ్లలోకి దిగాలి, అంటే 4:15కి అక్కడ ఉండాలి, ఎందుకంటే జాకెట్లు కట్టి, తెడ్డు పట్టడం నేర్పి, ఒడ్డున ఒకసారి చేయించడానికి ముప్పావు గంట పడుతుంది. "5:30కి రండి సార్, సరిపోద్ది" అన్నవాడు మీకు నేర్పడం మానేస్తాడు, లేదా చీకట్లో తీసుకొస్తాడు. నవంబర్ చివర్లో అయితే సూర్యుడు 5:20కే దిగిపోతాడు, జులై మొదట్లో 6:35 దాకా ఉంటాడు. నెల మారితే ఈ లెక్క కూడా మార్చుకోవాలి.

గైడును ఎలా ఎంచుకోవాలో చాలామంది అడుగుతారు. పర్యాటక శాఖ అనుమతి కాగితం చూపించమనండి, మొహమాటం అక్కర్లేదు. 2019లో గోదావరిలో కచ్చులూరు దగ్గర పడవ మునిగిన తర్వాత ఇలాంటివి అడగడం మన హక్కని జనానికీ తెలిసింది. ఒక గైడుకు ఎన్ని కయాక్‌లో అడగండి. కొత్తవాళ్లయితే మూడు నాలుగుకు మించితే నేను వెళ్లను. వెనక ఇంజిన్ పడవ వస్తుందా, లేక ఒడ్డున తయారుగా ఉంటుందా అడగండి. ఇవన్నీ అందరూ చెప్పేవే. నేను మాత్రం ఫోన్ చేయగానే ఒక ప్రశ్న వేస్తాను: "ఈ మధ్య ఎప్పుడు రద్దు చేశారు?" పోయిన మంగళవారం గాలి ఎక్కువగా ఉందని ఆపేశాం అన్నవాడి దగ్గరికి వెళ్తాను. మేం ఎప్పుడూ రద్దు చేయం సార్ అన్నవాడికి దండం.

మీరు కూడా ఆ రోజు పొద్దున ఇన్‌కాయిస్ సూచన చూసుకోండి. హైదరాబాద్‌లో మీ పక్కనే, ప్రగతి నగర్‌లో ఉన్న ఆ కేంద్రమే దేశమంతటికీ కెరటాల ఎత్తు, గాలి, ఉప్పెన హెచ్చరికలు ఇస్తుంది. ఎత్తయిన కెరటాల హెచ్చరిక ఉంటే ఎండ కాస్తున్నా వెళ్లకండి. మన ఒడ్డుకు వచ్చే పెద్ద కెరటాలు ఎక్కడో దక్షిణాన పుట్టి వస్తాయి, ఇక్కడి ఆకాశం చూసి వాటిని పసిగట్టలేం. జనవరి, ఫిబ్రవరి నెలలు మొత్తం మీద నెమ్మదైనవి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి గాలులు, అక్టోబర్, నవంబర్‌లలో తుపానులు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ ఏం చేసిందో ఈ ఊళ్లో ఎవరినడిగినా చెప్తారు.

మీ ఆవిడకు ఈత రాకపోవడం పెద్ద అడ్డంకి కాదు, కానీ రెండు షరతులు. ఇద్దరు కూర్చునే కయాక్‌లో ఆవిడ గైడుతోనే వెళ్లాలి, మీతో కాదు. ఏమీ అనుకోకండి. మొగుడూ పెళ్లాలు మొదటిసారి ఒకే కయాక్‌లో కూర్చుంటే పెళ్లినాటి నుంచి దాచుకున్న లెక్కలన్నీ ఆ గంటలో బయటికొస్తాయి. ముందు కూర్చున్నవాళ్లు తమ లయలో వేస్తారు, వెనకవాళ్లు దానికి తగ్గట్టు వేస్తూ దిశ చూసుకోవాలి. "నువ్వు సరిగ్గా వెయ్యి" అనే మాట వెనక నుంచి వచ్చిందంటే కయాక్ గుండ్రంగా తిరుగుతున్నట్టే లెక్క. మీరు వెనక, అబ్బాయి ముందు కూర్చుని వేరే దాంట్లో వెళ్లండి.

రెండో షరతు, లోపలికి వెళ్లేముందు ఒడ్డు దగ్గర నడుంలోతు నీళ్లలో ఆవిడను ఒకసారి కావాలని పడేయించాలి. లైఫ్ జాకెట్ తేలుస్తుందని చెప్పడం వేరు, తేలి చూడడం వేరు. జాకెట్ వేసుకున్నాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. చెవుల దాకా వచ్చేస్తే అది వదులు. కాళ్ల మధ్యగా కింద నుంచి వచ్చే పట్టీ ఉంటే కట్టాల్సిందే, ఫొటోలో బాగుండదని వదిలేయకూడదు. ఇక్కడ ఎక్కువగా వాడేది పైన కూర్చునే రకం కయాక్. బోల్తా పడినా లోపల ఇరుక్కోవడం ఉండదు, నీళ్లు వాటంతట అవే రంధ్రాల్లోంచి పోతాయి. మళ్లీ ఎక్కడానికి బలం కన్నా పద్ధతి ముఖ్యం. అవతలి అంచు పట్టుకుని, కాళ్లు వెనక్కి తేలేలా కొట్టుకుంటూ, బోర్లా పడుకున్నట్టు పొట్టను కయాక్ మీదికి లాక్కోవాలి. తర్వాత వెల్లకిలా తిరిగి కూర్చోవాలి, చివర్లో కాళ్లు లోపలికి. నిలువుగా వేలాడుతూ ఎక్కాలని చూస్తే ఎంత బలమున్నవాడైనా కయాక్‌ను మీద వేసుకుని మళ్లీ పడతాడు.

తెడ్డు గురించి ఒక్క మాట. నెత్తి మీద పెట్టుకుంటే మోచేతులు లంబకోణంలో వంగాలి, చేతుల మధ్య దూరం అంతే. తెడ్డు రెక్కలో గుంటగా ఉండే వైపు మీకేసి ఉండాలి. చేతులతో లాగితే పావుగంటలో భుజాలు పోతాయి, నడుము తిప్పుతూ వేయండి.

ఒడ్డు దాటేటప్పుడు కెరటాలను లెక్కపెట్టండి. నాలుగైదు పెద్దవి వరసగా వచ్చాక కాసేపు నెమ్మదిస్తుంది. ఆ సందులో ముక్కు నేరుగా కెరటానికి ఎదురుగా పెట్టి, ఆపకుండా వేసుకుంటూ పోవాలి. అడ్డంగా తిరిగితే పడేస్తుంది. నిజంగా దెబ్బలు తగిలేది తిరిగి వచ్చేటప్పుడు. మోకాలిలోతు నీళ్లలో దిగేసి, ఇక అయిపోయిందని కయాక్‌కూ ఒడ్డుకూ మధ్య నిలబడతారు. వెనక వచ్చిన కెరటం నీళ్లు నిండిన కయాక్‌ను ఎత్తి మోకాళ్ల మీద కొడుతుంది. దిగగానే సముద్రం వైపుకు వచ్చేయండి, కయాక్ మీకన్నా ఒడ్డుకు దగ్గరగా ఉండాలి. తొమ్మిదేళ్లలో నేను చూసిన గాయాల్లో ఎక్కువ భాగం ఈ ఆఖరి పదడుగుల్లో తగిలినవే.

మీరు ఆర్.కె. బీచ్ దగ్గరలో హోటల్ తీసుకుంటున్నామన్నారు. ఉండండి, తిరగండి, కురుసుర జలాంతర్గామి చూడండి, కానీ కయాక్ అక్కడ వద్దు. అక్కడి నీటి లాగుడు ఎంతమందిని తీసుకుపోయిందో పేపర్లలో చూస్తూనే ఉంటారు. హార్బర్ వైపు, డాల్ఫిన్ నోస్ కింద ఓడల దారి, నేవీ ప్రాంతం. సరదాకి కూడా పోకూడదు. భీమిలి దగ్గర గోస్తనీ సముద్రంలో కలిసే చోటు చెరువులా కనిపిస్తుంది, సముద్రం వెనక్కి తగ్గే పాటు సమయంలో మాత్రం నది నీళ్లతో కలిపి మిమ్మల్ని కూడా బయటికి తోసేస్తుంది. రుషికొండే నయం. ఏదైనా తేడా జరిగితే కోస్ట్ గార్డ్ నంబర్ 1554, మెరైన్ పోలీస్ 1093, ఫోన్‌లో వేసి పెట్టుకోండి.

జీన్స్, చున్నీ వద్దు. త్వరగా ఆరే బట్టలు, కళ్లజోడుకు వెనక తాడు. మధ్యాహ్నం బిర్యానీ తిని వస్తే కయాక్‌లో కూర్చుని ఊగుతుంటే అది ఊరుకోదు. భోజనం ఒంటిగంటకే తేలిగ్గా ముగించండి. వాంతుల మాత్ర వేసుకునే అలవాటు ఉంటే అది మత్తు తెప్పిస్తుందా అని ముందే డాక్టర్ని అడగండి. జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి మన ఒడ్డుకు వస్తుంటాయి, నీళ్ల మీద తల ఒకటి పైకి వచ్చి ఊపిరి తీసుకుని మునిగితే అదే. వెంటపడకండి.

ఒకవేళ ఆ సాయంత్రం రద్దయితే గైడుతో గొడవ పెట్టుకోకుండా మర్నాడు తెల్లవారుజామున తీసుకెళ్లమనండి. ఆరున్నరకు సూర్యోదయం, ఆ వేళకు సముద్రం మీది గాలి ఇంకా లేవదు, వెలుతురు పెరుగుతూ ఉంటుంది కాబట్టి తొందర కూడా ఉండదు. నేల నుంచి వీచే గాలి మాత్రం అప్పుడూ ఉంటుంది, అందుకని ఒడ్డు వెంబడే పోండి. గోవా ఫొటో అన్నారు చూశారా, ఎర్రటి సూర్యుడు, ముందు నల్లటి కయాక్, అది అప్పుడు వస్తుంది. ఎప్పుడు తీశారో మీరు చెప్పకపోతే హైదరాబాద్‌లో ఎవరూ కనిపెట్టలేరు.